పాడి లేని పంట

తెలుగులో సిరిసంపదలకు జంటపదం పాడిపంట. ఈ మాటను విడదీసి చూడవచ్చునని నాకు చాలాకాలం తోచలేదు. పంట ఉన్న ఇంట పాడి ఉండి తీరుతుందనీ, కొట్టంలో ఆవు ఉంటే దాలిగుంటలో పాలు కాగుతూనే ఉంటాయనీ అనుకుంటూ పెరిగినవాణ్ణి. ఆ నమ్మకాన్ని కదిలించింది అరకు కొండల్లో ఒక ముసలమ్మ.

కొన్నేళ్ళ క్రితం లోయ దాటి లోపలి గూడెంలో ఒక రాత్రి ఉండవలసి వచ్చింది. తెల్లవారి ఆవిడ పాలు లేని తేనీరు ఇచ్చింది. వాకిట్లోనే ఈనిన ఆవు, పక్కన దూడ. "పాలు పితకరా అమ్మా?" అని అడిగాను. ఆవిడ నావంక జాలిగా చూసి, "మరి దూడేటి తాగుద్ది బాబూ?" అంది. నా దగ్గర జవాబు లేదు. మా ఇంట్లో దూడను తాడుతో పక్కకు లాగి కట్టేయడం నా చిన్ననాటి పనుల్లో ఒకటి.

ఆనాడు ఆ మాటను ఒక్క మనిషి మెత్తని మనసుగానే తీసుకున్నాను. తరవాత చదివితే తెలిసింది, అది ఒక పెద్ద చరిత్రలో చిన్న ముక్క అని. ఫ్రెడరిక్ సైమూన్స్ అనే అమెరికన్ భూగోళ శాస్త్రజ్ఞుడు, దక్షిణాసియాలో సంప్రదాయంగా పాలు పితికే జనాలకూ పితకని జనాలకూ మధ్య హద్దులు ఎక్కడున్నాయో 1970లో వివరంగా రాశాడు. ఈశాన్యపు కొండలతోపాటు మధ్య, తూర్పు భారతంలోని అనేక ఆదివాసీ తెగలు ఆ హద్దుకు అవతల ఉన్నాయి. పశువులు లేక కాదు. కొండమీద పశువు నాగలి లాగుతుంది, చేనుకు ఎరువిస్తుంది, పెళ్ళిలో ఓలిగా చేతులు మారుతుంది, పండక్కి బలి అవుతుంది. ఇన్ని పనులున్న పశువుకు పాలివ్వడం మాత్రం పనికాదు. అయితే కొండలన్నిటికీ ఒకటే నియమం అనుకోకూడదు. ఏజెన్సీ ప్రాంతంలో గౌడులనే షెడ్యూల్డు తెగ ఉంది. మైదానంలో కల్లుగీసే గౌడలు వేరు. వీరి కులవృత్తే పశుపాలన.

మరి మైదానం ఎందుకు వేరయింది? పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో (ఆదిలాబాదు ఉట్నూరు కాదు) ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు గత శతాబ్ది యాభైలలో ఒక బూడిద దిబ్బను తవ్వాడు. అది నవీన శిలాయుగపు పశువుల దొడ్డి. పేడ పోగుపడడం, తగలబడడం, మళ్ళీ దొడ్డి కట్టడం, ఇలా పొరమీద పొర. అంటే సుమారు నాలుగైదు వేల ఏళ్ళ కిందటే దక్కను మెట్టభూముల్లో మందలే బతుకుగా జీవించిన జనం ఉన్నారన్నమాట. తూర్పు కనుమలది వేరే దారి. అక్కడ అడవి, పోడు, దుంపలు, వేట.

ఈ తేడా ఒంట్లోనూ కనిపిస్తుంది. పాలలోని చక్కెరను లాక్టోజ్ అంటారు. దాన్ని అరిగించే ఎంజైము పసిపిల్లలందరిలోనూ ఉంటుంది. ప్రపంచంలో ఎక్కువమందికి బాల్యం గడిచేకొద్దీ తగ్గిపోతుంది. పెద్దయ్యాక కూడా దాన్ని నిలిపి ఉంచే జన్యుమార్పు కొందరికే ఉంది. మన దేశంలో రెండువేలమందికి పైగా నమూనాలతో 2012లో అచ్చయిన పరిశోధన ప్రకారం, ఆ మార్పు వాయవ్యంలో ఎక్కువ, దక్షిణానికీ తూర్పుకూ వచ్చేకొద్దీ తక్కువ. నీలగిరుల తోడాల వంటి పశుపాలకులు దీనికి మినహాయింపు.

ఇక్కడే నాకు మన వంటిల్లు కొత్తగా కనిపించింది. మనలోనూ చాలామందికి ఆ జన్యువు లేదు. అయినా పాడితో బతికాం. ఎలాగ? పాలను పాలుగా ఉంచకపోవడం వల్ల. తోడు వేస్తే బాక్టీరియా లాక్టోజ్‌లో కొంత తినేసి పులుపు చేస్తుంది. వెన్న చిలికి కాచిన నేతిలో లాక్టోజ్ దాదాపు ఉండదు. లీటరు ఆవుపాలు మరిగించి, దించి, రెండు చెంచాల నిమ్మరసం పోసి, గుడ్డలో వడకట్టి బరువు పెడితే నూటయాభై గ్రాముల పైచిలుకు పనీరు వస్తుంది. చక్కెరలో అధికభాగం విరుగుడు నీళ్ళతో పోతుంది. ఐరోపావాళ్ళ చీజ్ కథా ఇదే. దాన్ని మనం బడి పుస్తకాల్లో 'జున్ను' అని అనువదించుకున్నాం గాని, మన జున్ను వేరు. ఈనిన ఆవు తొలిపాలలో మాంసకృత్తులు ఎంత ఎక్కువంటే, వట్టి వేడికే గట్టిపడతాయి. దూడకు రోగనిరోధక శక్తినిచ్చేవి కూడా అవే. ఏలకులూ మిరియాలూ బెల్లమూ వేసిన జున్ను నాకు ప్రాణం. కాని ఇప్పుడు ముక్క నోట పెట్టుకున్నప్పుడల్లా ముసలమ్మ ప్రశ్న వినిపిస్తుంది.

పాలు లేని కొండ ఆకలితో ఉందా? నెయ్యి లేనిచోట వలిసెల నూనె ఉంది. శీతాకాలంలో అరకు చేలు పచ్చగా పూసేది ఆ పంటే. చోడి అంబలి ఉంది. నూరు గ్రాముల చోళ్ళలో సుమారు మూడువందల నలభై మిల్లీగ్రాముల కాల్షియం. అంతే ఆవుపాలలో నూట ఇరవై. చోళ్ళలోది అంతా ఒంటబట్టదన్న మాట నిజమే, అయినా తక్కువేమీ కాదు. 1960లలో కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం వచ్చాక ఉద్యోగులూ యాత్రికులూ హోటళ్ళూ పెరిగాయి, పాలు పోసిన టీ కొండెక్కింది. 2020లో రాష్ట్ర ప్రభుత్వం 77 గిరిజన మండలాల్లో గర్భిణులకూ బాలింతలకూ పిల్లలకూ ఇచ్చిన పోషకాహారంలో పాలు కూడా ఉన్నాయి. పసిపిల్లలకు అది మేలే. రక్తహీనతా బరువు తక్కువా అక్కడ నిజమైన బాధలు, వాటిని కవిత్వం చేయకూడదు. కాని పెద్దవాళ్ళు గ్లాసెడు పాలు తాగలేకపోతే "వాళ్ళకి అలవాటు లేదు, తెలియదు" అనేస్తాం. ఆ మాటలో నాకు భయం కనిపిస్తుంది. మన దొడ్డి చరిత్రను అందరి చరిత్రగా భావించి, అది లేనివాళ్ళను వెనకబడ్డవాళ్ళుగా లెక్కవేస్తాం. పాలతోపాటు పెరుగు ఇచ్చినా, చోళ్ళకు సంతలో మంచి ధర కట్టినా, ఆ కడుపు మాట కొంత విన్నట్టవుతుంది.

తెలుగులో పాలు అంటే వాటా అని కూడా అర్థం. ఇన్నేళ్ళు తెలుగు చదువుకుని ఈ రెండు అర్థాలనూ పక్కపక్కన పెట్టి చూడలేదు నేను. ఆ ముసలమ్మ మాత్రం చూసింది. ఆవిడ లెక్కలో ఆ పాలు దూడ పాలు.