బిడ్డల పుట్టినదినపు వేడుక



నేడు నేను ముచ్చటింపదలచిన విషయము చిన్నది. బిడ్డల పుట్టినదినపు వేడుక. విషయము చిన్నదైనను దానికగు వ్యయము నేడు చిన్నది కాదు. మనుమని మొదటి పుట్టినదినమునకు ఫంక్షను హాలు, నిలువెత్తు ఫ్లెక్సీలు, ఊరందరికి విందు లేకున్న పరువు దక్కదని వడ్డీకి తెచ్చి ఖర్చు చేయు కుటుంబములను మా ప్రాంతమున పెక్కింటిని చూచితిని. బిడ్డకు రెండవ యేడు నిండినను మొదటి యేటి బాకీ తీరదు. ఈ ఆడంబరము మన పూర్వులనుండి వచ్చినదేనా యని చరిత్రను తిరుగవేసి చూచితిని. తెలిసినదానిని మనవి చేసెదను.

క్రీస్తుకు పూర్వము 5వ శతాబ్దమున గ్రీకు చరిత్రకారుడగు హెరొడోటసు, పారసీకులు అన్ని దినములకంటె పుట్టినదినమునే మిక్కిలి గౌరవింతురని వ్రాసెను. ఆనాడు ధనికులు ఎద్దును, గుఱ్ఱమును, ఒంటెను ముక్కలు చేయక నిండుగా కాల్చి వడ్డించెడివారట. బీదలు చిన్న పశువులతో సరిపెట్టుకొనెడివారట. ఎవరి శక్తి కొలది వారి పండుగ.

మన దేశమున జన్మదినవైభవమునకు మొగలు దర్బారు పెట్టినది పేరు. అక్బరు పాదుషా సౌరమానమున నొకమారు, చాంద్రమానమున నొకమారు, ఏటికి రెండుసారులు తులాభారము తూగెడివాడని అబుల్ ఫజలు ‘అయినీ అక్బరీ’లో తెలిపెను. సౌరమానపు తులాభారమున బంగారము, పట్టు, నెయ్యి, ఇనుము, ధాన్యము, ఉప్పు మొదలగు 12 వస్తువులు. రాజకుమారులను రెండేండ్ల ప్రాయమున మొదటిసారి ఒకే వస్తువుతో తూచి, ఏటేట ఒక్కొక్కటి చేర్చెడివారు. 1617లో ఆంగ్ల రాయబారి సర్ తామస్ రో మాండూలో జహంగీరు తులాభార సమయమున నుండెను. ఇందు గమనింపవలసినవి రెండు. బొక్కసమును నింపినది రైతు పన్నేయైనను, పాదుషా ఆ వేడుకకు అప్పు చేయలేదు. తూచిన సొమ్ము దానధర్మములకు పోయెడిది.

ఇక మన యిండ్లకు వత్తము. 18వ శతాబ్దము చివర కాశీనాథోపాధ్యాయుడు రచించిన ‘ధర్మసింధు’ అబ్దపూర్తినాటి విధిని చెప్పుచున్నది. నువ్వులతో స్నానము, మార్కండేయుని పూజ, చిరంజీవుల స్మరణ, నువ్వులు బెల్లము కలిపిన పాలు త్రాగుట. మా నాయనమ్మ వీనికి పరమాన్నమొకటి చేర్చి, ఇరుగుపొరుగు పిల్లలకు ఆకులు వేసి వడ్డించెడిది. అంతకు మించిన విందు మే మెరుగము.

ఇంతకంటె గొప్ప సాక్ష్యము మన కన్నులయెదుటనే యున్నది. శ్రీరామనవమి దశరథునింట పుట్టిన బిడ్డ జన్మదినము గదా! దానికి ఊరూర పంచునది పానకము, వడపప్పు. కృష్ణాష్టమి నందునింట పెరిగిన బాలుని జన్మదినము. దానికి వలసినది గడపనుండి లోనికి వరిపిండితో దిద్దిన చిన్ని పాదములు, కొంచెము వెన్న, గుప్పెడటుకులు. చక్రవర్తి కుమారునికి చాలినది మన మనుమనికి చాలదా?

కేకు, క్రొవ్వొత్తులు, ఆంగ్లపు పాట పడమటినుండి వచ్చినవి. వానిని నిందింపను. ఆ పాట బాణీ 1893లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రమునకు చెందిన హిల్ అక్కచెల్లెండ్రు పసిపిల్లల బడికై ప్రకటించినది. తరువాత ఆ పాటకు హక్కుదారులమని రుసుము గైకొనువారు బయలుదేరిరి. వారి హక్కు చెల్లదని 2015లో అచ్చటి న్యాయస్థానము తీర్పు చెప్పెను. పిల్లల బడిలో పుట్టినదానికే వెల కట్టిన లోకము వేడుకకు వెల కట్టుట వింతగాదు.

కావున నా మనవి యిది. ఉదయమున తలంటి, దీపము పెట్టి, పెద్దలచే అక్షతలు వేయించుడు. సాయంకాలము వీథిలోని పిల్లలను భేదము లేక పిలువుడు. కానుకలు తేవలదని ముందే చెప్పుడు. కానుక కొనలేని యింటి బిడ్డ గడప దాటి రాక నిలిచిపోరాదు. పానకము పోసి, వడపప్పు పెట్టి, ఒక కథ చెప్పి, ఆటలాడింపుడు. బిడ్డ యెత్తును గుమ్మముపై గీతగా గీసి తేదీ వ్రాయుడు. ఏటేట ఆ గీత పెరుగుటయే సంబరము. మిగిలిన సొమ్మును బిడ్డ పేర పోస్టాఫీసులో వేయుడు.

సత్యభామ బంగారము తూగని తక్కెడలో తులసీదళము తూగిన కథ మీ రెరిగినదే. ఇంట ఈ మాట మొదట పెద్దలే పలుకవలెను. అప్పుడు పిన్నలకు పరువుభయము తీరును, అప్పు తప్పును.