చిన్న ఓడ కాపలా

మంటలో తాలు మిరపకాయలు వెయ్యబాకండిరా, ఘాటుకి దగ్గలేం. ఆ కట్టెలు ఎగదొయ్యండి. తెల్లారిందాకా కల్లం కాయాలిగా. కాపలా అంటే గుర్తొచ్చింది, వినండి.

గురజాల నుంచి పోయి నేవీలో చేరితే నాకు లోనావాలాలో బాయిలర్ పని నేర్పారు. నేర్పిన పెద్దాయన పాత ఓడల సంగతులు చెప్పేవాడు. విక్టోరియా రాణి రోజుల్లో టార్పెడో వచ్చింది. చేప మాదిరి నీళ్లలో పోయి ఓడ పొట్టలో పేలుద్ది. దాన్ని మోసే పడవ చిన్నదే, ముంచేది కొండంత యుద్ధనౌకని. ఆ పడవల్ని తరమటానికి 1893లో లండన్‌లో యారో కంపెనీ హావక్ అనే ఓడ కట్టింది. 180 అడుగుల పొడవు, 240 టన్నులు, 26 నాట్ల వేగం. అంటే గంటకి 48 కిలోమీటర్లు! దాన్ని టార్పెడో బోట్ డిస్ట్రాయర్ అన్నారు. పోనుపోను డిస్ట్రాయర్ అన్న మాటే మిగిలింది.

ఆ పరుగంతా బొగ్గేసేవాళ్ల రెక్కల కష్టం. బాయిలర్ గది తలుపులు బిగించి, ఫ్యాన్లతో లోపలికి గాలి కొట్టేవాళ్లు. కొలిమికి తిత్తి ఊదినట్టే. ఆ ఉడుకులో, ఓడ ఊగుతుంటే, పారతో బొగ్గు వెయ్యాల. వేగం కోసం ఓడకి రేకు పల్చగా వేసేవాళ్లు. 1901లో కోబ్రా అనే డిస్ట్రాయర్ నడిసముద్రంలో రెండు ముక్కలై 67 మంది పోయారు.

అలాంటి డిస్ట్రాయర్ కాపలా నేనూ చూశా. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు నేను విశాఖలో ఒడ్డు డ్యూటీలో ఉన్నా. విమానాల్ని మోసే మన పెద్ద ఓడ విక్రాంత్‌ని ముంచాలని పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు భద్రంగా ఉంది. అది విశాఖ దగ్గరే ఉన్నట్టు నమ్మించటానికి, వైస్ అడ్మిరల్ కృష్ణన్ గారు రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్ చేత వైర్‌లెస్ సందేశాలు పంపించారు. 3వ తేదీ అర్ధరాత్రి దాటాక రాజ్‌పుత్ డెప్త్ చార్జీలు, అంటే నీళ్లలోపల పేలే బాంబులు, వదిలింది. కాసేపటికి పెద్ద పేలుడు, ఒడ్డున కిటికీ అద్దాలు దడదడలాడినయి. ఘాజీ మునిగింది. మన దెబ్బకేనని మన నేవీ అంటది, వాళ్ల మైన్లే పేలాయని పాకిస్తాన్ అంటది. లోపల తొంభై మందికి పైగా ఉన్నారు, ఒక్కరూ బతకలేదు.

డిస్ట్రాయర్ అంటే పేరుకి నాశనం చేసే ఓడ. పెద్ద ఓడకి అడ్డం నిలబడి కాయటానికే పుట్టింది, రాజ్‌పుత్ కూడా ఆ పనే చేసింది. విశాఖ పోతే బీచి రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర ఆగి దండం పెట్టండి. మునిగినోళ్లకీ తల్లులున్నారు, వాళ్లని కూడా తలుచుకోండి.