ఆటలమ్మ స్నానం, వేప చిగురు

ఆటలమ్మ తగ్గిన మనిషికి పోసే మొదటి స్నానాన్ని ఇళ్లలో ‘నీళ్లు పోయడం’ అని తేలిగ్గా అంటారు గానీ, అది రోజువారీ స్నానం కాదు. గంగాళం నిండా నీళ్లు పట్టి, గుప్పెళ్లకొద్దీ వేపాకు దూసి వేసి, కాస్త పసుపు కలిపి పొద్దున్నే వాకిట్లో పెడతారు. చాలా ఇళ్లలో ఆ నీళ్లను పొయ్యి మీద కాచరు. ఎండకే గోరువెచ్చనయ్యాక నెత్తిన పోస్తారు.

ఆ రోజు వచ్చేదాకా ఇంటి నడత వేరు. గుమ్మానికి వేపమండ కట్టారంటే ఆ ఇంట్లో ‘అమ్మవారు పోసింద’ని ఊరికి తెలిసిపోతుంది, చుట్టాలు గడప తొక్కరు. పోపు వేయరు. పెరుగన్నం, మజ్జిగ, అంబలితో సరిపెడతారు. రోగిని వేపాకు పరిచిన బట్ట మీద పడుకోబెట్టి, దురద పుట్టినచోట గోరు తగలనివ్వకుండా లేత రెమ్మతో నిమురుతారు. పొక్కులు మాడి పెచ్చు కట్టాక, ఏదో ఒక బేసి రోజున నీళ్లు పోస్తారు. పెచ్చు కట్టిన పొక్కు నుంచి జబ్బు అంటదని వైద్యులూ చెబుతారు. పెద్దలకు వైరస్ సంగతి ముందే తెలుసనడం అతిశయోక్తే. ఎవరిని ఎన్నాళ్లు ఎడంగా ఉంచాలో మాత్రం వాళ్లకు బాగా తెలుసు.

ఈ ఆచారం పుట్టింది ఆటలమ్మ ఒక్కదాని కోసమే కాదు. దాని వెనక మశూచి భయం ఉంది. మశూచిలో తీవ్రమైన రకం సోకితే పదిమందిలో ముగ్గురు దక్కేవారు కాదు. అది ఎండలు ముదిరే ముందు, పొడి వాతావరణంలో విజృంభించేది. బెంగాలీలో మశూచి పేరే ‘బసంత’. ఋతువు పేరు జబ్బుకు అంటుకుపోయింది. మనదేశంలో చివరి మశూచి కేసు 1975 మేలో నమోదైంది. 1980లో ప్రపంచమంతటా జబ్బు అంతరించిందని ప్రకటించారు. అమ్మవారి లాంఛనాలన్నీ అప్పటినుంచి ఆటలమ్మకు, తట్టుకు మిగిలాయి.

శివరాత్రితో చలి ‘శివశివా’ అంటూ పోతుందని నానుడి. దక్కన్ పీఠభూమిలో వేప ఆకు రాల్చి చిగురు తొడిగేదీ దాదాపు అప్పుడే. చిగురు మొదట రాగిరంగులో ఉంటుంది, వారం తిరిగేసరికి లేతాకుపచ్చకు మారుతుంది. చీకటిగదిలో పది రోజులు పడుకున్న పిల్లవాడు స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, పోచమ్మ గుడికి నడిచేటప్పుడు కళ్లబడేది ఆ రంగే. గుడి దగ్గర పెరుగన్నం పెట్టి, వేపాకు వేసిన నీళ్లు సాకపోసి, ‘సల్లగ చూడు తల్లీ’ అని మొక్కించి తీసుకొస్తారు. జబ్బుపడ్డవాడి క్షేమం అడిగితే తెలుగువాళ్లు ‘లేచి తిరుగుతున్నాడు’ అంటారు. బాగైందనడానికి గుర్తు గడప దాటి తిరగడమే. ఫాల్గుణంలో ఆ నీళ్లు పోసుకున్నవాడికి ఉగాదినాడు పచ్చడిలో అదే చెట్టు పువ్వు పెడతారు.

ఇవాళ హైటెక్ సిటీ, సైబరాబాద్ అని పిలిచే నేల ఒకప్పుడు ఇలాంటి పల్లెలదే. మాదాపూర్, కొండాపూర్, కొత్తగూడ, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ఊళ్ల చుట్టూ రాతిగుట్టలు, సీతాఫలం పొదలు ఉండేవి. గోల్కొండ కోటకు నీళ్లందించిన దుర్గం చెరువు గుట్టల నడుమ కనపడకుండా దాగి ఉండేది. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించాక ఊళ్లు కలిసిపోయి నగరమయ్యాయి. వాకిళ్లు పోయాయి, గంగాళం పెట్టుకునే ఎండ బాల్కనీకి తగ్గింది. అయినా ఆచారం పూర్తిగా పోలేదు. ఆటలమ్మ టీకాను జపాన్‌లో వైద్యుడు తకహాషి 1974లో తయారుచేసినా, మన సార్వత్రిక టీకాల కార్యక్రమంలో అది ఇంకా చేరలేదు. అందువల్ల అపార్ట్‌మెంట్లలోనూ ఆటలమ్మ వస్తూనే ఉంది; వేపమండ కోసం కాపలాదారును అడగడమూ ఉంది. కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లో పొద్దున నడిచేవాళ్లలో జ్వరం నుంచి తేరుకుంటున్నవాళ్లూ ఉంటారు.

కోలుకునేవారికి చెట్టును చూడటం మేలుచేస్తుందన్న మాటను 1984లో పరిశోధకుడు రోజర్ ఉల్‌రిచ్ అంకెల్లో పెట్టాడు. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయ ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులు చూస్తే, కిటికీలోంచి చెట్లు కనపడినవాళ్లు ఇటుకగోడ కనపడినవాళ్లకంటే ముందే ఇంటికి వెళ్లారు, ఘాటైన నొప్పిమందులూ తక్కువే వాడారు. ఉన్నది 46 మందే కాబట్టి దాన్ని అంతిమతీర్పుగా తీసుకోకూడదు.

2021లో జబ్బు వేపకే వచ్చింది. తెలంగాణ అంతటా చెట్లు కొమ్మల కొసల నుంచి మాడిపోసాగాయి, చూడటానికి నిప్పంటుకున్నట్టుండేవి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం దీనికి కారణమని వ్యవసాయ శాస్త్రవేత్తలు తేల్చారు; ఆకురసం పీల్చే తేయాకు దోమ అనే పురుగు కూడా తోడైంది. చెట్టు చచ్చిపోతోందని చాలామంది బెంగపడ్డారు. తర్వాతి వసంతానికి చాలా చెట్లు మళ్లీ చిగిర్చాయి. అలాంటి చెట్ల మీద కొత్త పచ్చదనం పైన ఎండిన పుల్లలు దువ్వెన పళ్లలా నిలబడి ఉండేవి.