కూటమిలో మహారాజా

2014 జులై 11న ఎయిర్ ఇండియా స్టార్ అలయన్స్‌లో 27వ సభ్యసంస్థగా చేరింది. ఆహ్వానం అందింది 2007 డిసెంబరులో. ఈ ఆరున్నరేళ్ళలో ఒకసారి తలుపు మూసుకుపోయింది కూడా. చేరికకు కావలసిన కనీస నిబంధనలు 2011 జులై 31 గడువులోగా నెరవేరలేదంటూ కూటమి ఆ ప్రక్రియను నిలిపివేసింది. ఇండియన్ ఎయిర్‌లైన్స్‌తో విలీనం 2007లో కాగితం మీద పూర్తయినా, రెండు సంస్థల అలవాట్లూ కంప్యూటర్లూ సిబ్బందీ కలిసేందుకు చాలా కాలం పట్టింది.

ఈ చేరికను సంస్థాగతమైన లాంఛనంగా కొట్టివేయడం తేలికే. కాని హైదరాబాదులో ఎక్కి పోర్ట్‌లండ్‌లోనో షార్లట్‌లోనో దిగవలసిన వృద్ధదంపతుల సంగతి వేరు. నడుమ ఎన్నిచోట్ల విమానం మారాలి, పెట్టెలు ఎక్కడ తీసుకోవాలి, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నలకు జవాబులు ఇటువంటి ఒప్పందాల్లోనే ఉంటాయి.

కూటములు పుట్టడానికి మూలం వ్యాపారం కన్నా ముందు చట్టం. రెండో ప్రపంచయుద్ధం తరువాత అంతర్జాతీయ విమానయానం దేశానికీ దేశానికీ మధ్య కుదిరిన ఒప్పందాల మీద నడిచింది. 1946లో బ్రిటన్, అమెరికాలు బెర్ముడాలో చేసుకున్న ఒప్పందం వాటికి ఒరవడి పెట్టింది. ఎవరు ఏ ఊరికి ఎగరవచ్చునో ప్రభుత్వాలే నిర్ణయించేవి. ఈనాటికీ అమెరికాలో ఒక ఊరి నుంచి మరొక ఊరికి మాత్రమే వెళ్ళే ప్రయాణికులను విదేశీ సంస్థ చేరవేయరాదు. అమెరికన్ విమానసంస్థలో విదేశీయుల ఓటుహక్కు నాలుగో వంతు దాటరాదు. కొనడానికీ వీల్లేదు, లోపలి ఊళ్ళకు ఎగరడానికీ వీల్లేదు. ఇక మిగిలింది స్నేహం చేయడమే.

స్నేహాలు ఎయిర్ ఇండియాకు కొత్త కావు. 1948 జూన్‌లో కైరో, జెనీవాల మీదుగా బొంబాయి నుంచి లండన్‌కు, 1960 మే నెలలో న్యూయార్క్‌కు సర్వీసులు ప్రారంభించిన ఆ సంస్థ, 1960ల నాటికే బీఓఏసీ, క్వాంటస్‌లతో కలిసి రాబడి పంచుకునే ఒడంబడికలో ఉంది. పోటీపడవలసిన ముగ్గురు ఒకే జమాఖర్చు చూసుకోవడం ఆనాటి ప్రభుత్వాలకు తప్పుగా తోచలేదు.

ఈ పద్ధతికి కొత్త రూపం 1990లలో వచ్చింది. 1992లో అమెరికా, నెదర్లాండ్స్‌ల మధ్య ఓపెన్ స్కైస్ ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది ఆరంభంలోనే కేఎల్‌ఎమ్, నార్త్‌వెస్ట్ సంస్థలకు పోటీచట్టాల నుంచి మినహాయింపు లభించింది. అంటే ఛార్జీలూ వేళలూ ఇద్దరూ కూర్చుని నిర్ణయించుకోవచ్చు. 1997 మే 14న ఎయిర్ కెనడా, లుఫ్తాన్సా, ఎస్‌ఏఎస్, థాయ్, యునైటెడ్ కలిసి స్టార్‌ను స్థాపించాయి. 1999లో వన్‌వరల్డ్, 2000లో స్కైటీమ్ వచ్చాయి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. సభ్యత్వం వేరు, మినహాయింపుతో కూడిన ఉమ్మడి వ్యాపారం వేరు. సభ్యులైతే ఒకరి మైళ్ళు మరొకరి దగ్గర చెల్లుతాయి, లాంజ్‌లోకి రానిస్తారు, ఒకే చెకిన్‌తో చివరి ఊరి దాకా బోర్డింగ్ పాసులు ఇస్తారు. టికెట్ డబ్బును ఎలా పంచుకోవాలన్నది మాత్రం ఇద్దరిద్దరు విడిగా మాట్లాడుకునే బేరం. ఉమ్మడి వ్యాపారంలో ఆ బేరమే ఉండదు. ప్రయాణికుడు ఎవరి విమానం ఎక్కినా రాబడి ఒకే సంచిలో పడుతుంది. అట్లాంటిక్ మీద లుఫ్తాన్సా, యునైటెడ్, ఎయిర్ కెనడాలు అలాగే నడుస్తాయి. ఎయిర్ ఇండియాకు దక్కింది మొదటిది మాత్రమే.

చేరిక తరువాతి సుదూర మార్గాలను చూస్తే ఒక వరస కనిపిస్తుంది. 2015 డిసెంబరు 2న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు నేరుగా విమానం మొదలైంది. 2016లో వియన్నా, 2017 జులైలో వాషింగ్టన్, ఆ సెప్టెంబరులో కోపెన్‌హేగెన్. శాన్‌ఫ్రాన్సిస్కో, వాషింగ్టన్ రెండూ యునైటెడ్ కూడళ్ళు. వియన్నా ఆస్ట్రియన్ ఎయిర్‌లైన్స్‌ది, కోపెన్‌హేగెన్ ఎస్‌ఏఎస్‌ది. పదహారు గంటలు ఎగిరి వచ్చిన విమానంలోని వారందరూ ఆ ఊరి వారే కానక్కరలేదు. శాక్రమెంటో, సియాటల్ వెళ్ళేవారిని మిత్రసంస్థ అందుకుంటుంది. అలా పోగయ్యే నలభై యాభై మందే ఒక్కొక్కసారి ఒక మార్గం నిలవడానికీ పోవడానికీ నడుమ తేడా.

అయినా ఈ దారులన్నీ కూటమి వల్లే పుట్టాయనడం తొందరపాటు. సిలికాన్ వ్యాలీలో ఉన్న భారతీయుల సంఖ్యకు శాన్‌ఫ్రాన్సిస్కో విమానానికి వేరే కారణం అక్కరలేదు. 2016 డిసెంబరులో మొదలైన మాడ్రిడ్ వన్‌వరల్డ్ వారి ఊరు. చికాగో, న్యూఅర్క్ విమానాలు చేరికకు ముందువే. పైగా ముంబయి–న్యూఅర్క్ మధ్య ఎయిర్ ఇండియా, యునైటెడ్‌లు కూటమిలో అన్నదమ్ములై ఉండి కూడా వేర్వేరు విమానాలు నడుపుతూ ఒకే ప్రయాణికుడి కోసం పోటీపడ్డాయి. ఉమ్మడి సంచి లేకపోతే జరిగేది అదే. మిత్రులు శాశ్వతమూ కాదు. 2024 ఆగస్టు చివర ఎస్‌ఏఎస్ స్టార్‌ను వదిలి మర్నాడే స్కైటీమ్‌లో చేరింది.

కూటమి కన్నా విమానమే దారిని ఎక్కువగా శాసిస్తుందనడానికి ఎయిర్ ఇండియా చరిత్రలోనే నిదర్శనం ఉంది. 2006 ఆరంభంలో అది బోయింగ్‌కు ఇచ్చిన 68 విమానాల ఆర్డరులో ఎనిమిది 777-200ఎల్ఆర్ రకం. ప్రపంచంలో ఏ రెండు పెద్ద నగరాలనైనా దాదాపు ఆగకుండా కలపగల విమానమని దానికి పేరు. 2007 ఆగస్టులో ముంబయి–న్యూయార్క్ నాన్‌స్టాప్ మొదలైంది దానితోనే. స్టార్‌లో చేరిన వేళకు ఆ ఎనిమిదింటిలో ఐదు ఎతిహాద్‌కు అమ్ముడుపోయాయి. అప్పుల భారంలో ఉన్న సంస్థకు ఇంధనం తెగ తాగే విమానాలు బరువయ్యాయి. సుదూర మార్గాల కోసం కూటమిలోకి వెళ్తూ సుదూర విమానాలను వదులుకోవడమన్న మాట. వాటిని కొన్న ఎతిహాద్ లాస్ ఏంజెలెస్‌కు నడిపింది. అప్పటికే, 2014 జనవరిలో, అబుదాబీలో అమెరికా ఇమ్మిగ్రేషన్ తనిఖీ కేంద్రం తెరుచుకుంది. అక్కడే పని ముగించుకున్నవారు అమెరికాలో స్వదేశీ ప్రయాణికుల్లా దిగిపోతారు. ఢిల్లీ మీదుగా వెళ్ళినవారు మాత్రం అమెరికాలో దిగిన మొదటి ఊళ్ళో పెట్టెలు తీసుకొని, కస్టమ్స్ దాటించి, మళ్ళీ అప్పగించాలి. దీన్ని ఏ కూటమీ మార్చలేదు.

హైదరాబాదు వరకు లెక్క చూస్తే, పోటీ ఎప్పుడూ గల్ఫ్‌తోనే. ఎమిరేట్స్ ఏ కూటమిలోనూ చేరలేదు. ఖతార్ 2013 అక్టోబరు చివర వన్‌వరల్డ్‌లో చేరింది. ఎవరిది ఏ జెండా అన్నదానితో పనిలేకుండా హైదరాబాదు నుంచి మూడు నాలుగు గంటల దూరంలో దుబాయి, దోహా, అబుదాబీలు ఉన్నాయి. అక్కడి నుంచి ఒక్క విమానం మారితే చాలు. ఎయిర్ ఇండియా 2009లో ఫ్రాంక్‌ఫర్ట్‌ను తన కూడలిగా చేసుకోబోయి, 2010లో ఢిల్లీ మూడో టెర్మినల్ తెరిచాక వెనక్కి వచ్చింది. దేశీయ విమానం దిగినవారు విదేశీ విమానం కోసం బస్సెక్కి మరో టెర్మినల్‌కు పోవలసిన బాధ ఆ టెర్మినల్‌తో తీరింది. దక్షిణాది ప్రయాణికుడికి ఆ మేలు స్టార్ సభ్యత్వం కన్నా ముందే, దానికన్నా సూటిగా అందింది. అయినా హైదరాబాదు నుంచి ఉత్తరానికి వెళ్ళి, అక్కడి నుంచి పడమరకు తిరగడం తప్పలేదు.

2021 జనవరి 15న ఎయిర్ ఇండియా హైదరాబాదు నుంచి చికాగోకు నేరుగా విమానం నడిపింది. తెలుగు నేల నుంచి అమెరికాకు ఆగకుండా వెళ్ళిన తొలి సర్వీసు అదే. దిగే ఊరు యునైటెడ్ కూడలి. కూటమి పుస్తకం ప్రకారం ఇంతకన్నా మంచి జోడీ లేదు. అయినా ఆ సర్వీసు నిలవలేదు. 2022 జనవరి 27న ఎయిర్ ఇండియా టాటాల చేతికి వెళ్ళింది. 2024 జనవరి నుంచి లుఫ్తాన్సా ఫ్రాంక్‌ఫర్ట్–హైదరాబాదు మధ్య ఎగురుతోంది. స్టార్ కూటమి తరఫున హైదరాబాదీని అట్లాంటిక్ దాటించే పనిలో ఢిల్లీతో పాటు ఇప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ కూడా ఉంది.