డిజిటల్ ఆరోగ్య సేవల మూల్యాంకనం
ఫోను, టాబ్లెట్ వంటి సాధనాలతో అందించే వైద్యసేవ రోగికి నిజంగా మేలు చేసినదా అని నిర్ధారించుటను డిజిటల్ ఆరోగ్య సేవల మూల్యాంకనం అంటారు. సాధనాన్ని ఎందరు వాడారన్నది ఒక లెక్క, జబ్బు ఎంత అదుపులోకి వచ్చిందన్నది వేరొక లెక్క.

ఇందుకు మంచి ఉదాహరణ అవిభక్త పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ నిర్వహించిన స్మార్ట్‌హెల్త్ ఇండియా అధ్యయనం. 54 గ్రామాలలో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి, 40 ఏళ్ళు, ఆపై వయసువారి వివరాలు టాబ్లెట్‌లో నమోదు చేసి, గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్నవారిని వైద్యుని వద్దకు పంపేవారు. 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఈ పద్ధతిని ఒకేసారి కాక, యాదృచ్ఛికంగా నిర్ణయించిన వరుసలో ఆరేసి నెలల తేడాతో మూడు విడతలుగా ప్రవేశపెట్టారు. చివరకు సేవ అందరికీ అందుతుంది. అంతవరకు వంతు రాని గ్రామాలు పోలికకు పనికివస్తాయి. కేవలం ముందు, తరువాత కొలతలనే పోల్చితే, కాలంతోపాటు వచ్చే మార్పు కూడా సాధనం ఖాతాలోనే పడుతుంది.

2019లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, రక్తపోటు లక్ష్యాన్ని చేరినవారి శాతంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.