బ్రౌను దొర తెలుగు నేర్చిన విధము

రెండేండ్ల క్రిందట మా యింటి అటక శుభ్రపఱచునప్పుడు మా తాతగారి కాలపు కాగితముల కట్ట యొకటి దొరకినది. ఆయన ఈ గ్రామమునకు కరణము. 1984లో కరణీకములు రద్దగువఱకు మా నాయనగారును ఆ పనియే చేసిరి. నేను సహకార సంఘమున లెక్కలు వ్రాయుచు ఆ వాసనను మాత్రము నిలుపుకొంటిని. కట్టలోని యొక యుత్తరమున "ఇరసాలు" అను మాట నాలుగుచోట్ల కనబడినది. ముప్పదియేండ్లుగా లెక్కలతోనే ప్రొద్దుపుచ్చినవాడనయ్యు దాని యర్థము నాకు తెలియలేదు. మన గ్రంథాలయమునకు పోయి బ్రౌను నిఘంటువు తీసి చూచితిని. ఖజానాకు సొమ్ము పంపుట యని తేలినది. మా తాతగారి మాటకు నాకర్థము చెప్పినవాడు పదునెనిమిదేండ్లు నిండువఱకు తెలుగక్షర మెఱుగని యొక ఆంగ్లేయుడు. అతడు మన భాష నెట్లు నేర్చెనో చదువరులకు విన్నవించుటకే ఈ వ్యాసము.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798లో కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. 1812లో తండ్రి గతించిన పిమ్మట కుటుంబము ఇంగ్లండు చేరెను. అచ్చట కుంపిణీ కొలువునకు చదివి, చార్లెస్ 1817 ఆగస్టులో చెన్నపట్టణమున దిగెను. క్రొత్తగా వచ్చిన దొరలకు దేశభాషలు నేర్పుటకై 1812లో స్థాపించిన కళాశాల యొకటి సెయింట్ జార్జి కోట పేర అచ్చట నుండెను. క్యారీ వ్యాకరణము 1814లోను, క్యాంబెల్ వ్యాకరణము 1816లోను అచ్చుపడినవి. సాధనములు కొఱతయే కాని బొత్తిగా లేకపోలేదు. అయినను బ్రౌనుకు ఓనమాలు దిద్దించినది పుస్తకము కాదు, వెలగపూడి కోదండరామ పంతులు. 1820లో పరీక్ష తేరి బ్రౌను కడపకు ఉద్యోగియై పోయెను.

పరీక్ష తేరుట వేఱు, కచ్చేరిలో రైతు మొఱ విని గ్రహించుట వేఱు. కోర్టు నెఱిగినవారికి ఈ సంగతి చెప్పనక్కఱలేదు. తరువాత బ్రౌను మచిలీపట్టణమునకు బదిలీయయ్యెను. అచ్చట 1824లో, ఫ్రెంచి మతాచార్యుడు డ్యుబాయి వ్రాసిన గ్రంథమున వేమన ప్రశంసను చూచి, ఆ పద్యములు వెదకించి తెప్పించెను. అప్పటి పండితులు కొందఱు వేమనను కవిగా లెక్కింపనైన లేదు. పరదేశికి మాత్రము అంతకన్న అనువైన పాఠ్యము లేదని నా యభిప్రాయము. ఒక్కొక్క పద్యము తనంత తానే ముగియును; మాటలు ఇంటి మాటలు; చదివినవానికి నవ్వు వచ్చును, ఒక్కొకప్పుడు కోపమును వచ్చును. రుచి పుట్టినచో వ్యాకరణము వెనుకనే నడచివచ్చును. 1827లో అతడు మన ఛందస్సునుగూర్చి గ్రంథము ప్రకటించెను. 1829లో వేమన పద్యములను ఇంగ్లీషు అనువాదముతో అచ్చు వేయించెను.

ఇంతకన్న నన్నాకర్షించినది మఱియొకటి. కావ్యములతోపాటు, ఎవరును సాహిత్యమని పిలువని కాగితములనుగూడ బ్రౌను ప్రోగుచేసెను. 1852లో చెన్నపురిలో అచ్చయిన అతని తెలుగు వాచకమున నున్నవి రాజుల కథలు కావు. కుటుంబముల ఉత్తరములు, వర్తకపు జాబులు, పోలీసు వ్యవహారములు, శిస్తు వ్యవహారములు! వానికి ఇంగ్లీషు అనువాదమును, వ్యాకరణ వివరణమును, చిన్న పదకోశమును చేర్చెను. మాబోటి లెక్కలవారి చేతివ్రాత యొక సీమదొరకు పాఠ్యగ్రంథమైన దన్న మాట! సంభాషణల పుస్తకము వేఱుగ నుండెను. తాతాచారి కథలను పేర వినోదకథలు 1855లో వెలువడినవి. కచ్చేరి కాగితము, ఇంటి యుత్తరము, నవ్వించు కథ, వేమన పద్యము — ఈ నాలుగును నిత్యము చదువువానికి భాష పరాయిదై యుండదు.

మా వీధి అమ్మాయి యొకతె నర్సు ఉద్యోగమునకై జర్మనీ పోవనెంచి ఆ భాష నేర్చుచున్నది. మాటల పట్టికలు వల్లించి విసిగితినని నాతో మొఱపెట్టుకొన్నది. బ్రౌను సంగతి చెప్పితిని. ఇప్పుడు ఆస్పత్రి చీట్లు, పిల్లల కథలు తెప్పించి చదువుచున్నది. ఒక కథ నాకు చెప్పి తానే నవ్వినది. నాకు సగమే తెలిసినది.

కడపలో బ్రౌను బంగళా కొని, అందు పండితులను నిలిపి, జీతములు తన సొంత సొమ్మునుండి ఇచ్చెను. జూలూరి అప్పయ్య మొదలగువారు తాళపత్ర ప్రతులను సరిచూచి, పాఠములు నిర్ణయించి, శుద్ధప్రతులు వ్రాసిరి. ఈ పనికై బ్రౌను అప్పులపాలయ్యెను. పండితులు శిష్యునివలన జీతము పొందిరి; శిష్యుడు వారి సంభాషణలను దినమెల్ల వినెను. 1852లో వెలువడిన నిఘంటువులు ఈ సహవాసపు ఫలములే. హిందూస్తానీ, పారసీల నుండి వచ్చిన కచ్చేరి మాటలను గూడ అతడు విడువలేదు. 1854లో మిశ్రభాషా నిఘంటువుగా వేఱుగ ప్రకటించెను. మన గ్రంథాలయమునందలిది 1903లో వీరేశలింగము పంతులుగారు మొదలగువారు సవరించిన కూర్పునకు పునర్ముద్రణము. తాఖీదు, ముచ్చలిక, జమాబంది, కవిలె, కడితము — మా యింట వినబడి మాయమైన మాటలు దానిలో భద్రముగా నున్నవి.

బ్రౌను చెప్పినదెల్ల శిరోధార్యమని నేననను. శకటరేఫము అనవసరమని ర, ఱ లను ఒక్కచోట చేర్చెను. ఈ వ్యాసమున నేను దానిని విడువలేదని చదువరులు చూచియే యుందురు. ఆ విషయమున దొరతో నాకు తగవు కలదు.

1855లో అతడు దేశము విడిచెను. లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడై, 1884లో మరణించెను. కడపలో అతని బంగళా యుండిన చోట నేడు అతని పేర గ్రంథాలయ మున్నది.

మా తాతగారి కట్టలో నేనింకను చదువవలసిన యుత్తరములు పదునొకండు కలవు. రజతోత్సవము ముగిసిన పిమ్మట ప్రతి ఆదివారము సాయంకాలము వానిని గ్రంథాలయమునకు తెచ్చెదను. పాత వ్రాత చదువగలవారు, చదువ నేర్వగోరువారు రావలెను. బ్రౌను నిఘంటువును ఆ పూట ఎవరికిని ఇంటికీయక బల్లమీదనే యుంచవలసినదని గ్రంథపాలకుని కోరియున్నాను.