లంబాడీ సంచులు

దక్కన్ తండాల్లో స్త్రీలు ముతక నూలుగుడ్డ మీద రంగుదారాలు, అద్దాలు, గవ్వలు, పూసలు కుట్టి చేసే చేతిసంచులు. హైదరాబాదు వాసుల్లో చాలామంది వీటిని మొదట చూసేది మాదాపూర్ శిల్పారామం దుకాణాల్లో. 1992లో మొదలైన ఆ హస్తకళల గ్రామం పక్కనున్న సైబర్ టవర్స్ కంటే ఆరేళ్లు పెద్దది. సైబరాబాద్ ఆఫీసులకు వెళ్లేవాళ్లు ఇప్పుడు భుజానికి తగిలించుకుంటున్న ఈ సంచిని ఒకప్పుడు ఇంటి అవసరానికి, పెళ్లి కోసం కుట్టుకునేవారు.

లంబాడీలు (బంజారాలు, సుగాలీలు) ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన వర్తకులు. 17వ శతాబ్దంలో దక్కన్ మీదికి వచ్చిన మొగలు సైన్యాలకు తిండిగింజలు చేరవేసినవారిలో వీళ్లు ముఖ్యులు. షాజహాన్ కాలంలో ఆసఫ్ ఖాన్ సైన్యం వెంట భంగీ, జంగీ అనే నాయకులు 1,80,000 ఎడ్లతో వచ్చారని సంప్రదాయ కథనం. ఇల్లే ఎద్దు మీద కదిలే బతుకులో పెట్టెలకు, బీరువాలకు చోటెక్కడిది? డబ్బు, వక్కలు, పెళ్లి కానుకలు అన్నీ సంచుల్లోనే. చదరపు గుడ్డ మూడు మూలలను లోపలికి మడిచి కుట్టి, నాలుగో మూలను మూతగా వదిలేసే చిన్న సంచిని వాళ్ల భాషలో కోత్లీ అంటారు. మూత కొసన కుచ్చులు, గవ్వలు వేలాడతాయి.

అలంకరణలో ఆ వర్తక జీవితం కనిపిస్తుంది. గవ్వలు మాల్దీవుల నుంచి సముద్రం మీద వచ్చి, ఇక్కడ చాలాకాలం చిల్లర డబ్బుగా చెలామణీ అయ్యాయి. నాణేలు కూడా నగల్లోకి, బట్టల్లోకి చేరాయి. తర్వాత వాటి స్థానంలోకి తేలికపాటి లోహపు బిళ్లలు వచ్చాయి.

దక్కన్ లంబాడీ పనికి ప్రాణం గడులే. కచ్ కుట్టుపనిలో నెమళ్లు, తీగలు ఎక్కువ. ఇక్కడ చతురస్రాలు, త్రికోణాలు, వజ్రాకారాలు. ఎరుపు, నీలం గుడ్డ మీద పడుగుపేకల పోగులు లెక్కపెట్టుకుంటూ కుడతారు కాబట్టి రేఖలు అంత సూటిగా వస్తాయి. అద్దం బిళ్లకు చిల్లు ఉండదు. దాని మీదుగా దారాలను అడ్డంగా, నిలువుగా లాగి బిగించి, ఆ దారాలనే ఆధారం చేసుకుని చుట్టూ అంచు కుడతారు. ఫేటియా (పావడా), కాంచళి (రవిక), నీళ్లబిందె కింది చుట్టకుదురు, సంచి, అన్నిటి మీదా ఇదే కుట్టు భాష. అమ్మాయిలు తల్లుల దగ్గర నేర్చుకునేవారు.

19వ శతాబ్దంలో రైళ్లు, రోడ్లు, ఉప్పు మీద బ్రిటిషువారి గుత్తాధిపత్యం కలిసి ఎడ్ల వర్తకాన్ని చంపేశాయి. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని అనేక చోట్ల బంజారాలపైనా ప్రయోగించారు. అది 1952లో రద్దయింది. బతుకుదెరువు పోయిన సంచారులు తండాల్లో స్థిరపడి వ్యవసాయానికి, కూలికి మళ్లారు. తెలంగాణలో వీళ్లను షెడ్యూల్డు తెగగా గుర్తించింది 1976లో. నగరంలో ఖరీదైన బంజారాహిల్స్‌కు వీళ్ల పేరే మిగిలింది.

ఇంటి కోసం కుట్టుకున్న సంచి అమ్మకపు సరుకుగా మారిన ఈ దశలో ఉత్తర అమెరికాలోని హౌడెనోసౌనీ ప్రజల చరిత్ర లంబాడీల చరిత్రకు దగ్గరగా వస్తుంది. భూములు చేజారిన తర్వాత 19వ శతాబ్దంలో వాళ్ల స్త్రీలు, ముఖ్యంగా టస్కరోరా తెగవారు, ఐరోపా గాజుపూసలతో ఉబ్బెత్తు పూలు కుట్టిన చిన్న సంచులను నయాగరా జలపాతం దగ్గర యాత్రికులకు అమ్మి ఇల్లు నడిపారు. కొనేవారి అభిరుచిని బట్టి ఆకారాలు మారాయి. అయినా చేతిపని వాళ్లదే, పూల ఎంపిక వాళ్లదే.

లంబాడీ సంచి విషయంలో అంతే ధీమాగా చెప్పలేం. పాత పావడాల, రవికల ముక్కలు కోసి కొత్త సంచులకు అతికించడం ఈ వ్యాపారంలో మామూలు. పాతపని వృథా కాలేదన్న మాట నిజమే గానీ, ఏళ్ల తరబడి ఒక స్త్రీ తన కోసం కుట్టుకున్న బట్ట ఎవరిదో తెలియని ముక్కలుగా చెదిరిపోవడం నష్టమే. కర్ణాటకలోని సండూరు లంబాణీ (లంబాడీలకు అక్కడి పేరు) కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడ కిలన్, వేలె, మకీ వంటి కుట్ల పేర్లు నమోదయ్యాయి. 2023 జులైలో హంపీలో జరిగిన జీ20 సాంస్కృతిక సమావేశం సందర్భంగా ప్రదర్శించిన 1,755 లంబాణీ వస్తువులకు గిన్నిస్ రికార్డు దక్కింది. తమిళనాడు సిత్తిలింగి లోయలో పోర్గై సంస్థ ద్వారా లంబాడీ స్త్రీలు మరుగున పడిన కుట్టును మళ్లీ నేర్చుకుని అమ్ముతున్నారు.

కొనేటప్పుడు సంచిని తిరగేసి చూడాలి. చేతికుట్టు అయితే వెనకవైపు ముడులు, దాటుదారాలు కనిపిస్తాయి. యంత్రం కుట్టు వెనక కూడా ఒకే తీరుగా సాగుతుంది, అద్దాలు తరచుగా జిగురుతో అంటించి ఉంటాయి.